పేరమ్మ పులుసుకు తీసిన దిష్టి

పాలెంలో ఫోను కంపెనీల గురించి ఏ అభిప్రాయమూ లేని మనిషి పేరమ్మ ఒక్కతే.

మిగతా అందరికీ ఉండేవి. రేవు దగ్గర వేలంపాట కోసం గంపలతో కూర్చునే ఆడవాళ్ళకు ఉండేవి. వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డులో మగవాళ్ళకు ఇంకా ఎక్కువ ఉండేవి. గాలి తిరిగి పడవలు సముద్రంలోకి దిగని రోజుల్లో అవి మరీ గట్టిపడేవి. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అందరి నోళ్ళలోనూ ఆ ఫోన్లు నడిపే కంపెనీల మీద తిట్లు. తిట్టడం అయిపోయాక మళ్ళీ ఫోన్లోకే తల దించేవారు.

ఆ షెడ్డులో అందరికీ పెద్ద, వెంకయ్య. పేరమ్మ భర్త పెంచలయ్యకు అన్న. వయసులో ఉన్నన్నాళ్ళూ ఎవరెవరి బోట్ల మీదో పనిచేసి, నడుము పట్టేశాక ఒడ్డున పడ్డాడు. అందుకని ఏ యజమాని సంగతి వచ్చినా బోటు ఓనరుతోనే పోల్చి చూసేవాడు.

“ముందే అడ్వాన్సు చేతిలో పెట్టి కట్టేసుకునేవాడు ఒక రకం. వాడితో కష్టమే గానీ వాడేందో మనకు తెలిసిపోతది,” అనేవాడు వలలో సూది తిప్పుతూ. “ఏమీ అడక్కుండా కూడు పెట్టి, పడవెక్కించుకుని, ఎప్పటికీ లెక్క చెప్పనోడు ఇంకో రకం. ఈ ఫోనోళ్ళు రెండో రకం. ఊరికే ఇస్తుండాడంటే నా దగ్గర ఏందో చూసుండాడు. నా దగ్గర ఏముండాదో నాకే తెలీదు, వాడికి తెలిసిపోయింది. అందుకే వాడంటే నాకు భయం.”

ఆ మాట చెప్పి, తనకు వచ్చిన పూలబొమ్మల శుభోదయాన్ని ఊళ్ళో అందరికీ పంపేవాడు.

ఆయన భార్య మహాలక్ష్మి అభిప్రాయం వేరు. ఆమెకు కంపెనీ అంటే గౌరవం. ఒకసారి కూతురితో ఫోన్లో నెమలిపింఛం రంగు చీర గురించి మాట్లాడింది. సాయంత్రానికల్లా ఆమె ఫోను నిండా నెమలిపింఛం చీరలే. సెల్లు షాపు సుశీల్ కుమార్ అది చూసి, “ఇది మన మాటలు వింటుండాది వదినా, జాగ్రత్త,” అన్నాడు.

“విననీ అబ్బయ్యా,” అంది మహాలక్ష్మి. “మీ అన్నకు పెళ్ళయిన కాడినుంచీ చెప్తుండా, ఒక్క మాట వినలేదు. ఇదన్నా వింటుండాది.”

సుశీల్ కుమార్ షాపు చర్చి పక్కన ఉంది. కంపెనీల లోగుట్టు తెలిసినవాడని పాలెంలో అతనికి పేరు. వాళ్ళు మనల్నే సరుకు కింద అమ్ముకుంటున్నారని షాపుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. చెప్పడం అయ్యాక ఫోను అమ్మేవాడు.

పేరమ్మకు ఇవేవీ పట్టేవి కావు. ఆమెకు ఒక ఫోను ఉంది, అది మోగుతుంది, పెంచలయ్య మాట్లాడతాడు. అతను చెన్నైలో కాసిమేడు రేవులో బోటు మీద పనిచేస్తూ నెలకోసారి వచ్చిపోతాడు. మిగతా ధ్యాసంతా ఆమెకు పులుసు మీదే.

కృష్ణపట్నం పోర్టుకు పోయే రోడ్డు పక్కన పేరమ్మకు చిన్న పూరిపాక. పొయ్యి, రెండు బల్లలు, నీళ్ళ డ్రమ్ము. అంతకు ముందు ఆమె గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మేది. మోకాళ్ళు అరిగి, లేస్తే కూర్చోలేక, కూర్చుంటే లేవలేక అవస్థ పడుతుంటే ఈ పాక వేసుకుంది. వచ్చేది లారీ డ్రైవర్లు, క్లీనర్లు. వాళ్ళకు అన్నం, చేపల పులుసు. రోజులు బాగానే జరుగుతుండగా రోడ్డు వెడల్పు చేశారు. వెడల్పుతో పాటు ఎత్తు కూడా చేశారు. పేరమ్మ పాక కట్ట కిందికి పోయింది. రోడ్డు మీద పోయేవాడికి పాక పైకప్పు కూడా కనపడదు. మూలుగుతూ పోయే లారీల చప్పుడు మాత్రం కిందికి వినపడుతుంది. ఇక మళ్ళీ గంప ఎత్తుకోవలసిందేనని ఆమె రాత్రింబవళ్ళు దిగులుపడింది.

ఆ దిగులు తీర్చింది సుశీల్ కుమారే. ఫోన్లో దారి చూపించే మ్యాపు ఉంది కదా, దాంట్లో “పేరమ్మ చేపల పులుసు” అని పెట్టాడు. పులుసు ఫొటో, పాకకు దిగే దారి ఫొటో పెట్టాడు. డ్రైవర్లు అది చూసుకుని కట్ట మీద లారీలు ఆపి కిందికి దిగడం మొదలుపెట్టారు. ఒడిశా వాళ్ళు, తమిళం వాళ్ళు, ఎక్కడెక్కడి వాళ్ళో. తిని పోతూ పోతూ ఫోను నొక్కి స్టార్లు ఇచ్చేవారు.

“వీటిని ఏం చేసుకోవాల?” అని పేరమ్మ అడిగింది.

“ఏమీ చేసుకోబళ్ళేదక్కా. అవి పైనుంటే జనం కిందికి దిగతారు. అవి పోతే మనం కనపడం. అంతే.”

ఆ మాత్రం ఆమెకు అర్థమైంది. కట్ట మింగేసిన పాకను ఆ స్టార్లు పట్టుకుని నిలబెట్టాయి. కంపెనీ మంచిదా చెడ్డదా అని అడిగితే ఆమె చెప్పలేదు. పెద్ద మనసు గలది అయి ఉండాలి, అడక్కుండా జనాన్ని పంపుతోంది కాబట్టి అనుకునేది. అదీ పైకి అనేది కాదు.

అంతా సవ్యంగా ఉందనగా ఒకనాడు సుశీల్ కుమార్ వలల షెడ్డుకు వచ్చి శుభవార్త చెప్పాడు.

“పేరమ్మక్కకు అయిదుకు అయిదు స్టార్లు వచ్చుండాయి. నెల్లూరు టౌన్లో ఏసీ హోటళ్ళకు కూడా లేవు.”

వెంకయ్య చేతిలో సూది ఆగిపోయింది.

వెంకయ్య ఇంట్లో తాతల నుంచీ ఒక అలవాటు. కొత్త వల సిద్ధమయ్యాక సముద్రంలో వేసే ముందు ఒక కన్ను తెంపి వదిలేస్తారు. నిండుగా ఉన్నది నలుగురి కంట్లో పడకూడదని. పడవ నిండా చేపలతో ఒడ్డుకు వచ్చినప్పుడు ఎవరైనా అడిగితే, ఏదో పడినాయిలే అని చెప్పాలి తప్ప పెద్ద నోరు చేసుకోకూడదు. అలాంటి ఇంటి కోడలికి అయిదుకు అయిదు. అదీ దేశమంతా చూసే చోట.

“అయిదులో కొంచెం తక్కువ చెయ్యమని చెప్పకూడదా వాళ్ళకు?” అన్నాడు.

“మనం చెప్తే చెయ్యరన్నా. జనం ఇచ్చేది.”

ఆ వారంలోనే పేరమ్మ పులుసు సట్టి పొయ్యి మీద ఉండగా నిలువునా పగిలింది. కొత్త గ్యాసు పొయ్యి మంట ఎక్కువై పగిలిందని పేరమ్మ అనుకుని, సంతలో ఇంకో మట్టి సట్టి తెచ్చుకుంది. వెంకయ్య అలా అనుకోలేదు. పాక గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కడదామని ఎవరో అంటే ఆయన కొట్టిపారేశాడు.

“చూసే కళ్ళు గుమ్మం కాడ ఉండాయా? ఫోన్లో ఉండాయి. కళ్ళు యాడుంటే దిష్టి ఆడ తియ్యాల.”

సుశీల్ కుమార్ తాను ఇలాంటివి నమ్మనన్నాడు. “మీ పాప మొలకు నల్లతాడు ఎందుకుండాది?” అని వెంకయ్య అడిగాడు. అది ఆడవాళ్ళు కట్టిందన్నాడు సుశీల్. సరే, ఇది మగవాళ్ళు కడతారన్నాడు వెంకయ్య.

“అన్నా, కంపెనీకి దిష్టి సంగతి తెలీదు. దాని లెక్క దానిది.”

“తెలిసేది, తెలియకపోయేది దాని ఖర్మ. బిడ్డ బుగ్గన మసి పెడితే బిడ్డ వికారంగా ఉండాదని ఎవరన్నా అనుకుంటారా? ఇదీ అంతే. తలా ఒకరం ఒక్కొక్క స్టారు పెడదాం.”

దిష్టి తీసేటప్పుడు మాట్లాడకూడదు గనక పేరమ్మకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున షెడ్డులో జనం పోగయ్యారు. పేరమ్మ అంటే పాలెంలో గిట్టనివాళ్ళు లేరు. అందుకే ఎవరూ వెనక్కు తగ్గలేదు. ఎక్కడ నొక్కాలో సుశీల్ చూపించాడు. ఒక్క స్టారు పెట్టి ఊరుకుంటే దిష్టి తీసినట్టుండదని, నాలుగు మాటలు కూడా చెప్పాలని వెంకయ్య అన్నాడు. ఫోన్లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. ఒకరు ఉప్పు లేదన్నారు. ఆ పక్కనే ఇంకొకరు ఉప్పు ఎక్కువన్నారు. ఒకాయన, “ఈమె మా అక్క, అయినా నిజం చెప్పాల, వంట రాదు,” అన్నాడు. ఇంకొకాయన ఎంత ఆలోచించినా చెడ్డమాట రాక, “పులుసు బాగుంటది, మనిషే ఎక్కువ మాట్లాడదు,” అని ఒక్క స్టారు పెట్టాడు. అందరూ నవ్వుకున్నారు. మంచి పని చేస్తున్నప్పుడు వచ్చే నవ్వు.

మహాలక్ష్మి ఒక్కతే నవ్వలేదు. ఫోను తీసుకుని పక్కన బోర్లించిన పడవ నీడలోకి వెళ్ళింది.

మహాలక్ష్మి పెద్ద కోడలు. అత్త మంచాన పడ్డ రోజుల్లో ఒంటిచేత్తో చేసిందంతా ఆమే. ఏమన్నా తింటావా అత్తా అని అడిగితే ఆ ముసలామె, “చిన్నకోడలి పులుసు ఉంటే రెండు ముద్దలు తింటా,” అంది. మహాలక్ష్మి వెళ్ళి తెచ్చి పెట్టింది. ఆ తర్వాత ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. మరిచిపోనూ లేదు. ఇన్నేళ్ళకు ఒక చోట, ఎవరూ అడ్డు చెప్పకుండా, ఊరంతటి అనుమతితో మనసులోది చెప్పుకునే అవకాశం దొరికింది. చాలాసేపు చెప్పింది. ఫోను రాసుకుంది.

“ఈ అమ్మి నిన్న కాచిన పులుసు ఈ పొద్దు పెడతది. పొద్దున్నే పోయి కూర్చున్నా సరే కొత్తది ముందు పెట్టదు, నిన్నటి సట్టే మళ్ళా పొయ్యెక్కిస్తది. ఆ సట్టి కూడా మట్టిది, ఒకటి పగిలితే మళ్ళా మట్టిదే తెచ్చుకునింది, స్టీలుది కొనదు. మామిడికాయ పులుపుకు పళ్ళు జివ్వుమంటాయి. కారానికి ముక్కు కారతది. వంజరం కావాలంటే లేదంటది, ఆ పొద్దు రేవులో ఏది పడితే అదే. తలకాయలు పారెయ్యకుండా పులుసులోనే వేస్తది. పైన నూనె వేలు మందాన తేలతా ఉంటది. మా అత్త చివరాఖరికి ఇదే తిని పోయింది.”

చెప్పాక ఆమె గుండె తేలికైంది. షెడ్డులోకి వచ్చి అందరితో కలిసి టీ తాగింది.

పేరమ్మకు తెలిసింది జనం తగ్గాక. ముందు ఒడిశా వాళ్ళు మానేశారు, తర్వాత తమిళం వాళ్ళు. ఒక క్లీనరు కట్ట సగం దాకా దిగి, ఫోను చూసుకుని మళ్ళీ పైకి ఎక్కిపోవడం ఆమె కళ్ళారా చూసింది. పదిహేను రోజులకొకసారి వచ్చే తిరుపతి డ్రైవరు ఒకాయన మొహమాటం కొద్దీ దిగి, అన్నం తింటూ చెప్పాడు.

“నాకు తెలుసు గనక వచ్చినా. తెలియనోడు ఎట్ట వస్తాడమ్మా, మీ ఊరోళ్ళే బాలేదని రాసుంటే?”

పేరమ్మ కొంగుకు చేయి తుడుచుకుని నేరుగా సుశీల్ షాపుకు వెళ్ళింది. అతను తల వంచుకుని అంతా చదివి వినిపించాడు. ఆమె అక్కడి నుంచి వలల షెడ్డుకు వెళ్ళింది. ఆమెను చూడగానే వెంకయ్య ముఖం వెలిగింది.

“ఇంక నీకు భయం లేదులే పేరమ్మా. ఒక్కటికి దించినాం.”

“బావా,” అంది పేరమ్మ, “దిష్టితో పాటు జనం కూడా పోయినారు.”

“జనం ఎందుకు పోతారు? ఉట్టుట్టిదే గదా అది.”

“అది ఉట్టుట్టిదని పోయేవాళ్ళకు ఎవరు చెప్తారు?”

వెంకయ్యకు అప్పుడు తట్టింది. మసి పెట్టిన బిడ్డను చూసేవాళ్ళు ఊళ్ళోవాళ్ళయితేనే అది మసి. ఆయన సూది పక్కన పెట్టి లేచాడు. తప్పు జరిగిన పూటే దిద్దుకోవడం ఆయన పద్ధతి. అదే రోజు అందరినీ మళ్ళీ పోగేశాడు. ఒక్క స్టారు పెట్టినవాళ్ళంతా ఇంట్లో ఉన్న ఇంకో ఫోను తెచ్చి అయిదేసి పెట్టారు. పులుసు అమృతమన్నారు, పేరమ్మ దేవతన్నారు. తెల్లారేసరికి మ్యాపులో పేరమ్మ పాకే లేదు. కట్ట ఉంది, కట్ట కింద ఖాళీ. అనుమానాస్పదమైన రాతలు కనపడ్డాయి గనక విచారణ చేస్తున్నామని కంపెనీ నుంచి ఒక మెసేజీ వచ్చింది.

దాంతో పాలెంలో కంపెనీల మీద ఉన్న అభిప్రాయాలన్నీ ఒక్కసారి లేచాయి.

“బోటు ఓనరు ఎంత చెడ్డోడైనా వాడికొక గడప ఉంటది,” అన్నాడు వెంకయ్య. “పోయి గడప మీద కూర్చుంటే ఎప్పటికో బయటికొస్తాడు. బయటికొచ్చి తిట్టినా మేలే, తిట్టేటప్పుడు మన మొహం చూస్తాడు గదా. దీని గడప యాడుండాదో చెప్పు, పోయి కూర్చుంటా.”

“హైదరాబాదులో ఆఫీసుంటది గానీ లోపలికి పోనీరన్నా.”

“లోపలికెందుకు, గడప చాలన్నా గదా.”

“కార్డు గీకితేనే తెరుచుకునే అద్దం తలుపు. దానికి గడప ఉండదు.”

గడప కూడా లేని ఇంటిని వెంకయ్య ఊహించుకోలేకపోయాడు. మహాలక్ష్మి మాత్రం ధైర్యంగా ఉంది. కంపెనీ తన మాట వింటుందని ఆమెకు తెలుసు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, “మా పేరమ్మ పాక మళ్ళా పెట్టు నాయనా, సట్టి పెట్టుకుని బతికే మనిషి,” అని నెమ్మదిగా చెప్పింది. సాయంత్రానికి ఆమె ఫోను నిండా రకరకాల సట్లు. మూతలున్నవి, లేనివి, అడుగంటనివి.

సుశీల్ కుమార్ కంపెనీకి అర్జీ రాశాడు. ఆ ఒక్క స్టార్లు ఎందుకు వచ్చాయో కారణం చెప్పమని ఒక గడి ఉంటే, దాంట్లో దిష్టి అంటే ఏమిటో తనకు వచ్చిన ఇంగ్లీషులో వివరంగా రాశాడు. మీ అనుభవం మాకు ఎంతో విలువైనది అని జవాబు వచ్చింది. దిష్టి గురించి ఇంకొంచెం వివరంగా రాశాడు. మీ అనుభవం మాకు ఎంతో విలువైనది.

పేరమ్మ అటక మీద ఉన్న గంప దించి, దులిపి, తుంగచాపతో అడుగు సరిచేసుకుంది. పాక మూసి, తెల్లవారుజామున రేవు వేలంలో కానాగంత చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కింది. ముత్తుకూరులో దిగి రెండు వీధులు తిరిగేసరికి ఒక అరుగు మీద కూలబడింది. ఆ ఇంటామె నీళ్ళిచ్చి, బేరమాడి, చేపలు తీసుకుంది. గంప మళ్ళీ ఎత్తుకోవడానికి పేరమ్మ లేవబోతే మోకాళ్ళు లేవలేదు. ఇంటామె, ఆమె మొగుడు చెరొక చేయి పట్టుకుని లేపారు. ఈ బతుకు ఇక జరగదని పేరమ్మకు ఆ అరుగు మీద తెలిసిపోయింది. పాక నిలబడాలి, లేకపోతే కాసిమేడు పోయి పెంచలయ్య ఉండే ఇరుకు గదిలో పడి ఉండాలి.

కొన్నాళ్ళకు కంపెనీ విచారణ ముగిసింది. పాక మ్యాపులోకి తిరిగి వచ్చింది. సుశీల్ పరుగున వచ్చి ఫోను తెరిచి చూపించబోయి, మధ్యలో ఆగిపోయాడు.

“ఏందబ్బయ్యా?”

“డ్రైవర్లు ఇచ్చినవన్నీ తీసేసినారక్కా. అందరూ బాగుంది, సూపర్ అని ఒకే రకంగా రాసినారంట, పోతా పోతా వేరే వేరే ఊళ్ళ నుంచి పెట్టినారంట. నమ్మకం లేదంట. మనోళ్ళు పెట్టిన అయిదులు కూడా పోయినాయి.”

“మరి ఏముండాయి?”

“ఒకట్లుండాయి. నిజమైన మనుషులు, పక్కనే ఉండేవాళ్ళు, తలా ఒక కారణం చెప్పినారు, కాబట్టి నమ్మినారు.”

నిజాలన్నీ అబద్ధాల కింద పోయి, అబద్ధాలన్నీ నిజాల కింద నిలిచాయి. అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది గనక మహాలక్ష్మి రాత అన్నిటికంటే పైన నిలిచింది. ఈ సంగతి తెలిసి వెంకయ్య పెళ్ళాం మీద మండిపడ్డాడు. అందరూ నాలుగు మాటలంటే నీకు అంత కథ ఎందుకు అన్నాడు. మిగిలినవాళ్ళు ఎవరి రాత వాళ్ళు తీసేసుకోవడానికి సుశీల్ షాపు ముందు నిలబడ్డారు. కొందరికి దొరికింది, కొందరికి పాస్‌వర్డు గుర్తులేక దొరకలేదు. మహాలక్ష్మి రాలేదు. అలిగి ఇంట్లో కూర్చుంది.

ఆ ఆదివారం కట్ట మీద లారీ కాకుండా కారు ఆగింది. అద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ప్యాంటు మడమల పైకి లాక్కుని జాగ్రత్తగా కిందికి దిగాడు. వెనకాల భార్య దిగింది. పాకలో బల్ల, పొయ్యి, పొయ్యి మీద సట్టి, అన్నీ వరసగా చూశాడు.

“నిన్నటి పులుసు ఉందామ్మా?” అని అడిగాడు.

పేరమ్మ ఆయన్ను తిండి సరుకులు తనిఖీ చేసే ఆఫీసరే అనుకుంది. మహాలక్ష్మి రాత కంపెనీ దాటి గవర్నమెంటు దాకా పోయింది.

“లేదు సార్. మేం అట్టాంటిది పెట్టం. ఈ పొద్దు కాచిందే.”

ఆయన ముఖం వాడిపోయింది. భార్య వైపు తిరిగి, “చెప్పాను కదా, ఫోన్లో రాసేవన్నీ నమ్మకూడదని,” అన్నాడు. కట్ట ఎక్కడానికి సిద్ధపడి, మళ్ళీ ఆగాడు. “కావలి నుంచి వస్తున్నామమ్మా. ఈ రోజుల్లో చేపల పులుసు పొద్దున కాచి మధ్యాహ్నం పెడుతున్నారు, దానికి రుచెక్కడిది? మా అమ్మ రాత్రి కాచి మర్నాడు పెట్టేది, తలకాయ ముక్కలతో. ఇక్కడ అలాగే పెడతారని ఎవరో మహాలక్ష్మి అనే ఆవిడ రాశారు. ఆవిడ ఒకే స్టారు ఎందుకిచ్చారో గానీ, చదువుతుంటే నోట్లో నీళ్ళూరాయి.”

పేరమ్మ లోపలికి పోయి, చాటు చేసి పెట్టిన సట్టి తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

ఆయన పేరు గంగాధరం, కాలేజీలో లెక్చరరు. ముక్కు తుడుచుకుంటూ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పోయి నలుగురికి చెప్పాడు. ఆ నలుగురూ మహాలక్ష్మి రాసింది చదువుకున్నారు. నిన్నటి పులుసు, మట్టి సట్టి, పళ్ళు జివ్వుమనే మామిడికాయ, రేవులో పడ్డ చేప. నెల్లూరు జిల్లాలో పుట్టినవాడెవడికైనా ఆ మాటలు వింటే ఇంటి వంటగది గుర్తొస్తుంది. బుచ్చిరెడ్డిపాలెం నుంచి బియ్యం వ్యాపారులు వచ్చారు. పోర్టులో పనిచేసే సూళ్ళూరుపేట ఇంజనీరు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. ఒకట్రెండు నెలల్లో ఆదివారం పూట కట్ట మీద కార్లు బారులు తీరాయి. ఎవరు దిగినా మొదటి మాట ఒకటే, నిన్నటిది ఉందా అని. కొత్తగా కాచింది అడిగేవాడే లేడు. పేరమ్మ ఇప్పుడు రేపటికోసం వండుతోంది.

స్టార్లు మాత్రం ఒకటి దగ్గరే ఉన్నాయి. వచ్చినవాళ్ళు తినడంలో పడి ఫోను నొక్కడం మరిచిపోయేవారు.

ఈ లోపల వెంకయ్య భార్యతో మాట్లాడడం మానేశాడు. తమ్ముడి భార్య పొట్ట మీద కొట్టిన మనిషి చేతి అన్నం తనకు సరిగా దిగడం లేదని నలుగురిలో అన్నాడు. పాక దగ్గర కార్లు ఆగుతున్న సంగతి ఆయనకు తెలుసు, అదంతా దిష్టి పోయిన ఫలితమేనని ఆయన నమ్మకం. భార్య రాసిందానికీ ఆ కార్లకూ సంబంధం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మడు. మహాలక్ష్మికి ఆ మాట అసలు చేరలేదు, ఆమె వీధి గుమ్మం దాటడం లేదు.

ఒక మధ్యాహ్నం జనం సద్దుమణిగాక మహాలక్ష్మి పాకకు వచ్చింది. పేరమ్మ గబగబా ఎంగిలి ఆకుల గుట్ట మీద బస్తా కప్పింది.

“దా అక్కా, కూర్చో.”

మహాలక్ష్మి కూర్చోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోను చేతిలో ఉంది.

“సుశీల్ గాడిని ఫోన్లో అడిగి నేర్చుకున్నా మే, ఎట్ట తియ్యాల్నో. నీ ముందరే తీసేద్దామని వచ్చినా. ఏందో ఆ పొద్దు నోటికొచ్చింది చెప్పేసినా. నా మీద కోపంతో మీ బావ అన్నం కూడా తినడంలే.”

మహాలక్ష్మి బొటనవేలు ఫోను మీద ఉంది. ఆ వేలు ఒక్కసారి కిందికి దిగితే కావలి లేదు, బుచ్చి లేదు, కార్లు లేవు. వద్దక్కా, నువ్వు రాసిందాని వల్లే జనం వస్తున్నారు అని చెబితే ఏమవుతుందో కూడా పేరమ్మకు బాగా తెలుసు. తాను తిట్టిన తిట్టు తోటికోడలికి కలిసొచ్చిందంటే మహాలక్ష్మి దాన్ని ఒక్క క్షణం కూడా అక్కడ ఉండనివ్వదు.

పేరమ్మ గరిటె కింద పెట్టి, నడుం మీద చేయి వేసుకుంది.

“తీసెయ్ అక్కా. నిలబడలేని మాట రాయడం ఎందుకు, తియ్యడం ఎందుకు.”

“ఏందీ?”

“ఊళ్ళో అందరూ అనుకుంటుండారులే. మొగుడు గద్దిస్తే మహాలక్ష్మి రాసింది కూడా చెరిపేసుకుంటదని.”

“ఎవరు మే అనింది?”

“ఎవరైతే ఏముండాదిలే. నీకు ఎందుకొచ్చిన గోల, నొక్కెయ్.”

మహాలక్ష్మి బొటనవేలు పైకి లేచింది. బల్ల లాక్కుని కూర్చుంది.

“నిన్న కాచింది ఈ పొద్దు పెడతావా పెట్టవా?”

“పెడతా.”

“సట్టి మట్టిదా కాదా?”

“మట్టిదే.”

“తలకాయలు వేస్తావా?”

“వేస్తా.”

“మరి నేను రాసినదాంట్లో అబద్ధం ఏముండాది?”

“ఏమీ లేదక్కా,” అంది పేరమ్మ. “ఊరు ఊరంతా రాసినదాంట్లో నిజం రాసింది నువ్వొక్కదానివే.”

మహాలక్ష్మి ఆ మాట ఎటు తీసుకోవాలో తెలియక కాసేపు ఆమెనే చూసింది. పేరమ్మ ముఖంలో ఏమీ దొరకలేదు. ఫోను మూసి జాకెట్టులో దోపుకుంది.

“తియ్యను పో. మీ బావ కాదు, ఆ కంపెనీ వాడే వచ్చి నా గుమ్మంలో కూర్చున్నా తియ్యను.”

“నీ ఇష్టం. అన్నం తింటావా?”

“ఏం కూర?”

“పులుసే. నిన్నటిది.”

మహాలక్ష్మి తిననని చెప్పలేదు. ఆకు వేస్తే వేయించుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది, కారం ఎక్కువైందన్నట్టు చేతితో సైగ చేసింది, రెండో ముద్ద కలిపింది. పేరమ్మ పక్కన నిలబడి, కట్ట మీద బండి చప్పుడు వినపడుతుందేమోనని ఒక చెవి అటు వేసి, ఆమె ఆకు ఖాళీ అయినప్పుడల్లా అడక్కుండా వడ్డించింది. తిన్నాక గిన్నెలో మొగుడికి కూడా పోయించుకుని, కొంగు కప్పుకుని, వెనక దారిన ఇంటికి వెళ్ళింది.

పొద్దు వాలే వేళకు సుశీల్ కుమార్ పాక దగ్గరికి వచ్చాడు.

“అక్కా, వదిన తియ్యకపోగా ఇంకో నాలుగు లైన్లు కలిపింది.”

“ఏం రాసింది?”

“‘ఈ పొద్దు మళ్ళా పోయి కూర్చుని తిన్నా. ఏమీ మారలేదు. వద్దన్నా వినకుండా అన్నం పెడతానే ఉంటది. ఇంటికి పోయినాక కూడా చేతికి వాసన పోలేదు, మా ఇంటాయన గిన్నె నాకతా కూర్చునుండాడు.’”

“స్టారు?”

“అదే. ఒకటే.”

“సరే,” అంది పేరమ్మ, చేపలు కడిగిన నీళ్ళు పారబోస్తూ. “రేపటికి ఇంకో సట్టి కాస్తాలే.”